బూజు పద్దు

చాగ్రెస్ నది ఒడ్డున, పనామా అడవిలో
చెట్ల కింద వరసగా కొయ్య చట్రాలు.
వాటికి వేలాడుతూ గుడారపు గుడ్డలు, బూట్లు,
తాళ్లు, పారాచూట్ పట్టీలు.
సైన్యం వాళ్లు వీటిని పంపింది యుద్ధానికి కాదు,
చావడానికి.
ఎన్నాళ్లకు చచ్చాయో రాయడం నా కొలువు.

పేరు లింటన్ ఆర్చిబోల్డ్.
మా తాత బార్బడోస్ నుంచి కాలువ తవ్వడానికొచ్చాడు.
నేను బూజు లెక్కపెట్టడానికి మిగిలాను.

సోమవారం సోమవారం
భూతద్దం, పెన్సిలు, రబ్బరు బూట్లు.
సున్నా అంటే శుభ్రం.
ఒకటి అంటే అనుమానం.
నాలుగు వేశానంటే అదిక గుడ్డ కాదు, పొలం.

మొదటి ఏడాదిలో నేర్చుకున్నది ఒకటే:
నీరు పల్లమెరుగు, బూజు కుట్టెరుగు.
కుట్టినవాడి చెయ్యి ఎక్కడ తడబడిందో
సూది ఒకే బెజ్జంలో ఎక్కడ రెండుసార్లు దిగిందో
సరిగ్గా అక్కడ తెల్లగా నవ్వుతుంది.
ఏ దేశంలో ఏ మిషను ముందు కూర్చున్న
ఏ ఆడమనిషికి ఆ క్షణాన నిద్ర ముంచుకొచ్చిందో
ఇక్కడ నాకు తెలిసిపోయేది.

తోలు బూటుకి పదకొండు వారాలు.
లోపలి అట్టకి అంత కూడా లేదు.
ఒక బూటులో పిట్ట గుడ్లు పెట్టింది, మూడు.
ఆ గడి ఖాళీగా వదిలేశాను,
పిట్టకి ఏ అంకె వెయ్యాలో చెప్పలేదెవరూ.

బైనాక్యులర్ అద్దాల మధ్య
సాలెపోగుల్లాంటి వేళ్లు చాచింది బూజు.
కంటికి పెట్టుకుంటే
అవతలి ఒడ్డు అడవి మీద ఇంకో అడవి.
లెఫ్టినెంట్ హావర్‌క్యాంప్ చూసి నవ్వలేదు.
"ఇందులో శత్రువు కనిపించడు" అన్నాడు.
కనిపిస్తున్నాడు కదా సార్,
అనబోయి నాలుక మడిచాను. నెల జీతం.

నలభై ఒకటో నంబరు గుడ్డ
వానలు దంచుతున్న రోజుల్లో వచ్చింది.
రాగి ద్రావణంలో ముంచి తీసింది,
చిలకాకుపచ్చ, వాసన మాత్రం పాత నాణేలది.
మొదటి నెల సున్నా. ఆరో నెల సున్నా.
చీమల బారు దాని అంచుదాకా వచ్చి
ఎవరో గద్దించినట్టు పక్కకి మళ్లేది.
ఒక నత్త ఎక్కి, సగం దూరంలో ఆగి,
ఆలోచించుకుని దిగిపోయింది.
హావర్‌క్యాంప్ నాకో బీరు ఇచ్చాడు,
చల్లగా లేదు.

ఇంటికెళ్తే యూలాలీ
కొబ్బరి రొట్టె పిండి దగ్గరికి రానివ్వలేదు.
గోళ్ల చుట్టూ పచ్చటి గీతలు చూసి
"నిన్ను కూడా ముంచారా?" అంది.
"పోనీలే, నాకంటే ముందు చెడిపోవు."

ఆగస్టులో తనే పోయింది.
ఆకాశం చిల్లుపడినట్టు వాన.
పెట్టె తడుస్తోందని ఫెర్మిన్
నలభై ఒకటిలోంచి మిగిలిన ముక్క పట్టుకొచ్చాడు.
దొంగతనమే. అయినా కప్పాం.
గోతి దాకా ఒక్క చుక్క లోపలికి దిగలేదు.
దించే ముందు లాగేశాను.
"ఉండనీ, బాగా కాపాడుతుంది" అన్నాడు.
అందుకేరా తీశాను.
ఆమెది ఉత్త నూలు గౌను,
ఆదివారాలు చర్చికి కట్టుకునేది.
నేల చదవగలిగిన గుడ్డ.

తర్వాత సైన్యం వెళ్లిపోయింది.
జీపులు, జెండా, ఐసు పెట్టె, అన్నీ.
చట్రాలు చెదలకి వదిలేశారు,
చెదలు మాట నిలబెట్టుకున్నాయి.
నలభై ఒకటి మాత్రం
ఒక్క మేకుకి వేలాడుతోంది,
ఎవరూ తీసుకెళ్లడం మర్చిపోయిన కోటులా.

నాకు జీతం లేదు. సోమవారాలు ఉన్నాయి.
మోకాలు ఒప్పుకున్నప్పుడల్లా వెళ్లి
సున్నా రాసి వస్తాను.

మొన్న, కింది మూల మడత విప్పితే
గుడ్డకి ఏమీ కాలేదు.
దాన్ని కుట్టిన దారం మీద
ఆవగింజలో సగం, తెల్లగా.
గుడ్డని ముంచినవాళ్లు
దారాన్ని ముంచడం మరిచారు కాబోలు.
భూతద్దం తుడిచి మళ్లీ చూశాను.
వాన మొదలైంది.

ఒకటి, అని రాశాను.
అడిగేవాళ్లు లేకపోయినా
కింద సంతకం పెట్టాను.